విమానం దిగేదాకా

గేటు దగ్గర దగ్గు వినగానే వచ్చింది కాశింబీ అని తెలిసింది. తెలిసీ, తలుపు తీయడానికి నేను తొందరపడలేదు. కాశింబీ మా చిన్నాయన కూతురు, నాకంటే పదేళ్లు చిన్న. ఒకే ఇంట్లో, ఒకే జేజి, అంటే మా నాయనమ్మ, కలిపిపెట్టిన ముద్దలు తిని పెరిగినవాళ్లం. అయినా మా మధ్య మాటలు సరిగ్గా లేక చాలా ఏళ్లయింది. తగాదా అని చెప్పుకునేంత తగాదా ఏమీ జరగలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగుండావా" అంటే "బాగుండా" అనుకుని చెరొక పక్కకు పోయేవాళ్లం. నేను బడిపంతులమ్మ పని నుంచి దిగిపోయి కడపలో ఇల్లు కట్టుకున్నాక ఆమె నా గడప తొక్కడం అదే మొదలు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్లమీద పరిచింది.

'గ్రామీణ ప్రాంతాలకు విమాన సేవల మెరుగుదల: ప్రజాభిప్రాయ సేకరణ' అని పెద్ద అక్షరాలు. రాయచోటిలో ఫలానా కల్యాణ మండపంలో ఫలానా రోజు అని కింద. పక్కన ఒక బొమ్మ. తలపాగా చుట్టుకున్న రైతు, పక్కన అతని పెళ్లాం, ఇద్దరూ ఆకాశంలోకి చూసి పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్నారు. నాకు కూడా నవ్వు వచ్చింది, వేరే రకం నవ్వు.

"ఎందుకక్కా నవ్వుతాండావు?" అంది కాశింబీ.

"ఈ తలపాగా ఆయనది ఏ ఊరో అని."

"యా ఊరైతే ఏం. మన ఊరి ఇమానం గురించే మీటింగు. నువ్వు రావాల. మాట్లాడేది నేను మాట్లాడతా. రాసిచ్చేదుంటే నువ్వు రాయాల."

"విమానానికి అర్జీ రాయాలా నేను? నువ్వు వచ్చి నన్నడగాలా ఆ మాట?"

కాశింబీ ముఖం మారలేదు. "సాయంత్రం బస్సుకు పోతా. ఆలోపల చెప్పు" అని లేచి వరండాలోకి పోయి, గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను లోపలే ఉండిపోయాను. కిటికీలోంచి ఆమె తల వెనకభాగం కనిపిస్తోంది. నెరిసింది గానీ, ఆ చిన్న ముడి అచ్చం వాళ్లమ్మదే. ఆ ముడి నా ఒళ్లో ఉన్న పొద్దును నేను ఇంతవరకూ మరచిపోలేదు. మరచిపోవడం నాకు ఇష్టం కూడా లేదు.

మాది దూది ఇల్లు. నాయన, చిన్నాయన దూది ఏకేవాళ్లు, పరుపులు, బొంతలు కుట్టేవాళ్లు. ఇంటి ముందు పంచలో తాడుకు వేలాడే ఆ పెద్ద విల్లు పొద్దున లేచింది మొదలు టంయ్ టంయ్ అని మోగుతూనే ఉండేది. ఆ చప్పుడు ఆగిందంటే ఎవరో చచ్చినట్టో, పండగ వచ్చినట్టో లెక్క. దూదిపింజలు మా కనురెప్పల మీద, తలల్లో, రాగిసంగటిలో, ఊరిబిండి పచ్చడిలో. జేజి సంగటిచట్టి మీద తడిగుడ్డ కప్పి, దానిమీద సిబ్బి బోర్లించి, దానిమీద మళ్లీ ఇంకొక గుడ్డ వేసేది. అయినా ప్రతి ముద్దలో ఒక పోగు నాలుక్కి తగిలేది. మా ఇంట్లో అందరూ దగ్గేవాళ్లే. బయటివాళ్లకు దగ్గు జబ్బు, మాకు పిలుపు. చీకట్లో ఎవరు దగ్గినా ఎవరో చెప్పగలిగేవాళ్లం.

పాత పరుపులు ఏకడానికి వచ్చినప్పుడు జేజి వాటిని ముందు వాసన చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, "ఇది చంటిబిడ్డ ఉచ్చ. దీనికి రెండెండలు చాలు" అనేది. ఇంకొకటి తీసి, "ఇది జబ్బు మనిషిది. మూడు దినాలు ఎండాల, వేరే పెట్టు" అనేది. మందుల కంపు, వేపాకు, ఆముదం, చెమట, ఎప్పుడో ఒలికిన పాలు. ఆ మనుషులను ఎన్నడూ చూడకుండానే వాళ్ల ఇళ్లు మాకు తెలిసిపోయేవి. ఎండబెట్టడానికి మాత్రం మేము ఊరు దాటి బయలుకు పోయేవాళ్లం. ఆ బయలే విమానాల బయలు.

మా ఊరికీ రాయచోటి రోడ్డుకీ నడుమ, ఉన్న కాస్త మంచి భూమినంతా తీసుకుని, నేను పుట్టకముందే ఎప్పుడో సర్కారువాళ్లు దాన్ని పొడుగ్గా చదును చేసి తారు పోశారు. దాని దక్షిణపు కొసన ఉండేది జేజి పుట్టింటోళ్లు ఆమెకిచ్చిన చేను. చెనిక్కాయ పండే ఎర్రనేల, ఒక మోటబావి. తీసుకునేటప్పుడు ఊరందరినీ చావిడి దగ్గర కూర్చోబెట్టి, "విమానం మీ ఊరికే వస్తుంది, మీ పిల్లలు గంటలో మద్రాసు పోతారు" అని చెప్పారట. "మద్రాసులో నాకేం పనప్పా?" అని జేజి అడిగిందట. దానికి వచ్చినవాళ్లు నవ్వారట. బావి పూడ్చిన చోటు తారుకింద ఎక్కడుందో జేజికి అడుగు తేడా లేకుండా తెలుసు. అక్కడికి వచ్చేసరికి మమ్మల్ని ఆపి, "చెప్పులిడువండి. ఇది చేను" అనేది. తారు కాలిపోతుండేది. మేము ఒంటికాలి మీద ఎగురుతూ, లోపల జేజిని తిట్టుకుంటూ ఆ కాస్త దూరం దాటేవాళ్లం. ఆమె మాత్రం చేలో నడిచినట్టే నెమ్మదిగా నడిచేది. అరికాళ్లు బొబ్బలెక్కితే ఆముదం రాసుకునేది, అంతే.

విమానం మా ఊరికి వచ్చింది, నిజమే. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేది. ఎవరో పెద్దమనిషి ఎక్కడికో పోతూ అక్కడ దిగేవాడు. ముందురోజు తలారి దండోరా వేసేవాడు: "రేపు ఇమానం దిగుతాది. గొర్రెలు, గొడ్లు, మనుషులు బయలుకాడికి రాగూడదహో!" ఆ వరసలోనే. మొదట గొర్రెలు, తర్వాత గొడ్లు, ఆఖర్న మేము. ఊరి ఆడవాళ్లను పిలిచి బయలు ఊడ్పించేవాళ్లు. జేజి ఎప్పుడూ పోలేదు. విమానం చప్పుడు వినిపించగానే పిల్లలందరం దిబ్బలెక్కి చూసేవాళ్లం. జేజి మాత్రం పంచలో వీపు దానివైపు పెట్టి కూర్చుని, చప్పుడు తగ్గేదాకా దూదిలో గింజలు ఏరుకునేది.

అలాంటి దండోరా వేసిన మర్నాడే చిన్నమ్మకు కాన్పు కష్టమైంది. చిన్నమ్మ పేరు చాందమ్మ. ఇంటికి వచ్చి రెండేళ్లు, నన్ను చంకలో వేసుకుని తిరిగే వయసు దాటిపోయినా వీపున ఎక్కించుకుని ఆడించేది. నాకు అక్షరాలు వస్తే ఆమెకు గొప్ప. "మా మాబమ్మ పేరు రాస్తాది సూడండి" అని వచ్చినవాళ్లందరి ముందూ నాచేత నేలమీద బొగ్గుతో రాయించేది. ఆ పొద్దున మంత్రసాని నరసమ్మ బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగింది లాలమ్మత్తా. నాతో కాదు. రాయచోటికి తీసకపోండి" అంది. మా జేజి పేరు లాలమ్మ. నాయన ఆ పెళ్లిళ్ల సీజనుకు కుట్టి పెట్టిన కొత్త పరుపులు నాలుగు తీసి బండిలో పరిచాడు. చిన్నాయన ఎద్దులు కట్టాడు. చిన్నమ్మ తల పట్టుకుని కూర్చోవడానికి నన్ను ఎక్కించారు. జేజి, నరసమ్మ ఇద్దరూ పక్కన కూర్చున్నారు.

రాయచోటి రోడ్డెక్కాలంటే బయలు పక్కగా పోవాలి. వేరే దారి లేదు. అక్కడ రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. పోలీసులు. అప్పటికే గొర్రెలాయన ఒకడు, కట్టెలమోపులు దింపుకున్న ఆడవాళ్లు ఐదారుమంది అక్కడ ఎండలో నిలబడి ఉన్నారు. చిన్నాయన దిగి చేతులు జోడించాడు. తాడు దగ్గరున్న పోలీసు చిన్నవాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. బండిలోకి తొంగిచూసి అతని ముఖం తెల్లబోయింది.

"నా చేతుల్లో ఏముండాదన్నా. మాది డోను, నేను ఈడికొచ్చి నెల కాలేదు. ఇమానం దిగేదాకా ఎవురినీ ఇడవద్దన్నారు" అన్నాడు.

"ఎప్పుడు దిగుతాది?" అంది జేజి బండిలోంచే.

"ఇంకా రాలేదవ్వా. ఆలస్యమంట."

"వచ్చేదాకా కడుపులో బిడ్డ ఆగుతాదా? ఇది మనిషప్పా. గొర్రె కాదు."

అతను తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడానికి నేను అతన్ని క్షమించానా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. క్షమించలేదు. తాడు విప్పడానికి రెండు చేతులు చాలు. అతనికి రెండు చేతులూ ఉన్నాయి.

ఎంతసేపు ఆగామో నాకు తెలియదు. బండినీడ చక్రాల కిందికి పోయింది. చిన్నమ్మ మొదట అరిచింది, తర్వాత నా చెయ్యి కొరికింది, తర్వాత ఏమీ చేయలేదు. జేజి దిగి, తాడుకింద దూరి, అవతల వరసగా నిలబెట్టిన కార్ల దగ్గరికి నడిచింది. ఒక్కొక్క కారు అద్దం దగ్గరికీ పోయి, "ఒక్క కారియ్యండి. ఇట్ల పోయి అట్ల వస్తాది" అని అడిగింది. ఒక డ్రైవరు అద్దం ఎక్కించుకున్నాడు. ఇంకొకడు రేడియోలోకి వంగాడు. టోపీ పెట్టుకున్న పెద్ద పోలీసు ఒకడు వచ్చి ఆమె భుజం పట్టి వెనక్కి తోశాడు. జేజి కిందపడింది. పడినచోటు ఆమె చేనే. ఆమె లేవకుండా కాసేపు అక్కడే కూర్చుంది. అవమానంతో అనుకున్నాను అప్పుడు. లేచే బలం లేక అని ఇప్పుడు తెలుస్తోంది, నా మోకాళ్లు చెబుతున్నాయి.

కట్టెల ఆడవాళ్లే బండిచుట్టూ నిలబడి పైటలు విప్పి గోడ కట్టారు. నరసమ్మ ఏం చేసిందో నన్ను చూడనీయలేదు. విమానం సరిగ్గా అప్పుడే వచ్చింది. తలమీదుగా వచ్చి దిగింది. ఎద్దులు బెదిరి బండి ఊగింది. ఆ చప్పుడులో బిడ్డ ఏడుపు నాకు వినిపించలేదు. నరసమ్మ చేతుల్లో తలకిందులుగా వేలాడుతున్న ఒక ఎర్రటి ముఖం, తెరిచి ఉన్న నోరు మాత్రం కనిపించాయి. విమానం దిగింది కదా అని చిన్నాయన మళ్లీ తాడు దగ్గరికి పరిగెత్తాడు. కార్లు పోయేదాకా అన్నారు. దండలు వేసిందాకా, మేళం వాయించిందాకా, కార్లన్నీ దుమ్ములేపుకుంటూ పోయిందాకా ఆ తాడు అక్కడే ఉంది. నాలుగు పరుపుల దూదీ చిన్నమ్మ నెత్తురు పీల్చుకుంది. రాయచోటి ఇళ్లు కనబడేచోట నా ఒళ్లో తల బరువెక్కింది. డాక్టరమ్మ బండి దగ్గరికే వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టింది.

నాయన ఆ పరుపులు విప్పలేదు, ఏకలేదు. దిబ్బలో వేసి తగలబెట్టాడు. తడిసిన దూది కాలితే మంట రాదు, కమురుకంపుతో పొగే వస్తుంది. ఊరంతా రెండు దినాలు ఆ పొగ. విచారణ అంటూ ఎవరూ రాలేదు. ఎవరైనా వస్తారని మేము కూడా అనుకోలేదు. జేజి ఆ బిడ్డను మేకపాలు పట్టి పెంచింది. ఆ బిడ్డే కాశింబీ. ఊరి పిల్లలు ఆమెను 'ఇమానం' అని ఎక్కిరిస్తే నేను రాళ్లు పెట్టి కొట్టేదాన్ని. పెద్దయ్యాక రాళ్లకు బదులు రాతలు పట్టుకున్నాను. ఆ తాడు గురించి పత్రికల్లో మూడుసార్లు రాశాను. చదివినవాళ్లు ఏడ్చామని ఉత్తరాలు రాశారు. రాసిన ప్రతిసారీ నాకు కొంచెం గర్వంగా ఉండేది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎండ వాలుతుండగా వరండాలోకి పోయి, "నేను రాను. రాయను" అన్నాను. "మీ అమ్మను చంపిన బయలది. దానికి ఇంకా విమానాలు కావాలని అడుక్కోవడానికి నీకెట్లా మనసొప్పింది?"

కాశింబీ కాళ్లు ముడుచుకుంది. "నువ్వు మా యమ్మ గురించి మూడు తూర్లు రాసినావు. నా గురించి ఒగతూరన్నా రాసినావా?"

నేను గడప మీద కూర్చున్నాను.

"మీ మరిది మస్తాన్‌కు కిడ్నీ మార్పించి నాలుగేండ్లాయ. నెలనెలా హైదరాబాదు పోవాల. రాత్రంతా బస్సులో కూర్చుంటే తెల్లారేసరికి ఆయన కాళ్లు సొరకాయల మాదిరి వాస్తాయి. చెప్పులు పట్టవు, నేను చేత పట్టుకుని నడిపిస్తా. పోయిన ఉగాది ముందర ఒగతూరి మన ఊరి ఇమానం ఎక్కినాము. గంటలో దిగినాము. దిగి సూసుకుంటే కాళ్లు వాయలేదు. చెప్పులేసుకుని ఆయనే నడిచి ఆస్పత్రిలోకి పోయినాడు. నేను యనకాల ఏడ్సుకుంటా పోయినా. రెండో తూరి గేటుకాడికి పోయినాక, ఈపొద్దు లేదు, పోండి అన్నారు. వారానికి మూడు దినాలే వస్తాది, అదీ డాక్టరు లేని దినాలు. నువ్వు కోపం పెట్టుకో అక్కా, ఎవురొద్దన్నారు? నాకు మాత్రం ఇమానం కావాల. మా యమ్మ పోయింది ఎద్దులబండిలో. నాకు ఎద్దులబండి మీద ప్రేమ లేదు."

అంత పొడుగ్గా కాశింబీ మాట్లాడడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది తప్పయినందుకు కాదు. నాది అనుకున్న ఒక వస్తువును దాని అసలు సొంతదారు వచ్చి చేతిలోంచి లాక్కున్నట్టు ఉంది. "సరే, వస్తా" అన్నాను. గొంతు కటువుగానే ఉంది. ఆమె కూడా థ్యాంక్స్ లాంటి మాటేమీ అనలేదు. బస్సు టైమయిందని లేచిపోయింది.

మీటింగు రోజు మండపంలో ముందువరస సోఫాలకు తెల్లగుడ్డలు కప్పారు. మేము వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో. ఇప్పుడా బయలుకు ఎత్తయిన గోడ ఉంది, అద్దాల గది ఉంది. వాటి ఫోటోలు గోడమీద ఒకటొకటి వేసి చూపిస్తూ, వేదికమీదున్న అధికారి చిన్న విమానాల గురించి చెప్పాడు. పల్లె గుమ్మంలోకే ప్రయాణం అన్నాడు. అదే మాట జేజికి చావిడిలో చెప్పినప్పుడు ఇతని తండ్రికి కూడా పెళ్లయ్యుండదు. మామిడికాయల వ్యాపారి ఒకాయన మాట్లాడాడు, హోటలాయన మాట్లాడాడు. కాశింబీ మూడుసార్లు చెయ్యెత్తింది. మైకు మూడుసార్లూ ఆమెను దాటిపోయింది. నాలుగోసారి ఆమె లేచి, ముందుకు నడిచి, మైకు పట్టుకున్న కుర్రాడి చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"హైదరాబాదు ఆస్పత్రిలో డాక్టరు సూసే దినం మంగళారం. ఇమానం మంగళారం యాల రాదు?" అంది. మండపమంతా తిరిగి చూసింది. "రానప్పుడు రాదని ముందుదినమే చెప్పల్ల. గేటుకాడికొచ్చిన రోగిని పో అంటే యాడికి పోవాల? అప్పుడు బస్సన్నా పెట్టాల. రోగులకని రెండు సీట్లు ఇడవాల. ఇంగొకటి. పెద్దోళ్లు దిగేటప్పుడు మా ఊరి రోడ్డు ఇప్పుడు గూడా మూస్తాండారు. అది మూయగూడదు. ఒక్క నిమిషం గూడా."

అధికారి మర్యాదగానే నవ్వాడు. "మంచి సూచనలమ్మా. ఇంతకీ మీరు విమానం ఎన్నిసార్లు ఎక్కారు?"

"ఒగసారి ఎక్కినా. ఒగసారి గేటుకాడి నుంచి తిరిగొచ్చినా. వాటికన్నా ముందర ఒగసారి ఇమానం దిగాలని నన్ను రోడ్డుమీద ఆపినారు. అప్పుడు నేనింకా మా యమ్మ కడుపులో ఉన్నా. అక్కడే పుట్టినా. మా యమ్మ పోయింది."

అధికారి నవ్వు ఆగింది. పక్కవాడి వైపు చూసి, "ఇవన్నీ రాతపూర్వకంగా ఇవ్వండమ్మా, పరిశీలిస్తాం" అన్నాడు. నేను ఇన్నేళ్లలో రాసిన పుటలన్నీ కలిపినా ఆ నాలుగు ముక్కలంత లేవని అక్కడ కూర్చుని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకున్నాను గానీ సంతోషంగా కాదు.

మండపం మెట్లమీద కూర్చుని నా సంచిలోంచి తెల్లకాగితం తీశాను. జేజి ఉంటే ఈ పని చేయనిచ్చేదా అని ఆలోచించాను. చేయనిచ్చేది కాదు. ఆమెకు ఆ భూమి తిరిగి కావాలి, ఇంకేదీ వద్దు. నా దగ్గర ఆమెకిచ్చే భూమి లేదు, కాశింబీకిచ్చే అర్జీ ఉంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్నెవరైనా అడిగితే, అప్పుడు మమ్మల్ని తాడు ఇవతలే ఆపేశారు, ఇప్పుడు రాసివ్వమంటున్నారు అని చెబుతాను. దీన్ని మెరుగు అనాలో లేదో నాకు తెలియదు. రాసింది చించేయరని నమ్మకం కూడా లేదు.

రాయడం అయ్యాక చదివి వినిపించాను. మంగళవారం సంగతి, రోగుల సీట్లు, బస్సు, రోడ్డు, అన్నీ కాశింబీ తల ఊపుతూ విన్నది. ఆఖరు వాక్యం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమని రాసినావాడ?"

"దయచేసి మా కోరికలు మన్నించాలని ప్రార్థిస్తున్నాము."

"దయచేసి యాలక్కా? వాళ్ల అబ్బ చేన్లో దిగుతాందా ఆ ఇమానం? కొట్టెయ్ ఆ మాట."

నలభై ఏళ్లు పిల్లలకు అర్జీలు రాయడం నేర్పినదాన్ని. ఆ మాట లేకుండా అర్జీ ముగించకూడదని ఎన్ని నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో దిద్దానో లెక్కలేదు. పెన్ను మూత తీసి, ఆ వాక్యం మీద ఒకటికి రెండుసార్లు గీత గీసి, కాగితం ఆమె చేతికిచ్చాను. కాశింబీ దాన్ని మడవకుండా, అందరికీ కనబడేట్టు రెండు చేతులా పట్టుకుని, మెట్లెక్కి లోపలికి పోయింది.